ఎనిమిదడుగుల దిబ్బ

మొదటి వేలు విరిచినప్పుడు తమ్ముడు పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. రెండో వేలికి మాత్రం అరిచాడు.

"పరవాలేదు, మొండిఘటమే," అన్నాడు కొండ సర్వేయరు, పక్కన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని. "కానీ మేడం, చేతికి ఐదు వేళ్ళే కదా. నీ దగ్గర ఎక్కువ టైం లేదు. షీటు తియ్యి."

ఆదివారం పొద్దున ఏడు గంటలు. పటాల గదిలో ఇనప సొరుగులన్నీ తాళాలు వేసి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా వాటి తాళంచెవులు పటాలక్క నడుముకే వేలాడుతున్నాయి. ఆఫీసులో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. పొద్దున్నే తమ్ముడి ఫోన్ నుంచి వేరే గొంతు పలికింది, తాళాలు పట్టుకుని ఒంటరిగా రమ్మని. వచ్చింది. ఆమెను చూసి వాచ్‌మన్ పెద్దాయన "ఏంటమ్మా, సెలవు రోజు కూడా వదలవా?" అంటూ నవ్వుతూ తలుపు తీశాడు. ఆమె వెనకాలే వచ్చినవాళ్ళు గునపంతో అతని తల పగలగొట్టారు. ఒక్కటే దెబ్బ. ఇప్పుడు అతని నెత్తురు గడప దాటి, పటాల బల్ల కాళ్ళ దాకా వచ్చింది.

ఆ నెత్తురు చూస్తుంటే ఆమెకు ఒక్క విషయం తేలిపోయింది. వీళ్ళు మొహాలు దాచుకోలేదు. పని అయ్యాక తనని గానీ తమ్ముణ్ణి గానీ వదలరు. తను ఏమైపోయినా సరే, వాడు బతకాలి. వాడికి రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పుడు పదకొండేళ్ళ పిల్లగా ఉన్న తనే వాణ్ణి చంకనేసుకుని పెంచింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. తమ్ముడి మణికట్టు బల్లకి అదిమిపెట్టి, రెండో చేత్తో కత్తి పట్టుకున్నవాడు బక్కోడు. గునపం మోస్తున్నవాడు పాత కాగితాల దుమ్ముకి వరసగా తుమ్ముతున్నాడు. మిగతా ఇద్దరూ వాణ్ణి తుమ్ములోడనే పిలుస్తున్నారు. వాళ్ళకి నాయకుడు కొండ సర్వేయరు. ఉద్యోగం ఊడక ముందు పాతికేళ్ళు కొండల్లో నేల కొలిచిన మనిషి. అతని దగ్గర కొలత గొలుసు పట్టినవాడే తర్వాత అతనితో కలిసి బంగారం బండి దోచాడు. ఇద్దరు కాపలావాళ్ళని చంపి, పెట్టె పట్టుకుపోయి చిత్తడిలో దాచి, ఆనవాలు చెప్పకుండానే జైలుకి పోయాడు. పోయిన నెల అక్కడే రక్తం కక్కుకుంటూ ఒకే మాట చెప్పి చచ్చాడు. ఉప్పు చిత్తడి బయటి వరస దిబ్బల్లో, సర్వే రాయి కింద.

ఆ చిత్తడిలో దిబ్బలు రెండు వందల పైచిలుకు. కొత్త పటాల్లో ఆ రాయి లేదు. ఎనభై ఏళ్ళ కిందటి షీటులో ఒక్కదాంట్లోనే ఉంది. ఆ షీటు ప్రపంచంలో ఒక్కటే ఉంది, పద్నాలుగో సొరుగులో.

ఆమె సొరుగు తెరిచి, గుడ్డ మీద అతికించిన ఆ పటాన్ని బల్ల మీద పరిచింది. నీలి గీతల పాయలు, వాటి మధ్య చిందరవందరగా దిబ్బలు. సముద్రం వైపు చివరి వరసలో, ఒక దిబ్బ మీద చిన్న త్రికోణం. దాని పక్కన 8 అని అంకె.

కొండ సర్వేయరు భూతద్దం పెట్టి చూశాడు. మొరటు మనిషే గానీ, పటం ముందు కూర్చునేసరికి వేళ్ళు మెత్తబడ్డాయి.

"ఎనిమిదడుగులు," అన్నాడు. జేబులోంచి రేవులో అమ్మే పోటు పట్టిక తీశాడు. "తొమ్మిదింటికి ఆటు పూర్తిగా దిగుతుంది. మూడింటికి పోటు. అమావాస్య పోటు, పన్నెండడుగులు."

"అంటే మునిగిపోద్దా అన్నా?" అన్నాడు తుమ్ములోడు, ముక్కు తుడుచుకుంటూ.

"ఒరేయ్ తుమ్ములోడా, అందుకే నువ్వు గునపం మోస్తున్నావు, నేను పటం చూస్తున్నాను. ఎత్తు కొలవాలంటే ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి. నేల కొలిచేవాళ్ళకి సముద్రం సగటు మట్టం సున్నా. ఈ పోటు పట్టికలో సున్నా అంటే నీళ్ళు అడుక్కంటా దిగిపోయినప్పటి మట్టం. రెంటికీ మధ్య ఆరడుగులు. ఎనిమిదికి ఆరు కలుపు. పద్నాలుగు. పోటు పన్నెండు. రెండడుగులు పొడి. పోటొచ్చినా దర్జాగా కూర్చుని సిగరెట్టు కాల్చుకోవచ్చు."

పటాలక్క నోరు దానంతట అదే తెరుచుకుంది.

ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ బల్ల దగ్గర కూర్చుని ఎవరు పటం తప్పుగా చదివినా, విద్యార్థి అయినా పెద్ద ఇంజనీరయినా, ఆమె ఊరుకోలేదు. ఈ షీటు నేల మీద నడిచి గీసింది కాదు. పడవల మీద తిరిగిన సర్వే దండు గీసింది. వాళ్ళ సున్నా కూడా పోటు పట్టిక సున్నాయే. ఆ సంగతి పటం కింది అంచున రాసే ఉండేది. గుడ్డకి అతికించినవాడు అంచులు సమంగా ఉండాలని ఆ ముక్క కత్తిరించేశాడు. ఆ దండు నోటుపుస్తకాలు తిరగేసిన మనిషి ఆఫీసులో తనొక్కతే.

కలపాల్సింది ఏమీ లేదు. ఎనిమిదంటే ఎనిమిదే. పన్నెండడుగుల పోటుకి ఆ దిబ్బ మీద నాలుగడుగుల నీళ్ళు నిలుస్తాయి, అడుగున మోకాలిలోతు బురదతో.

"ఏదో అనబోయావు మేడం?"

ఆమె నాలిక కరుచుకుంది, నిజంగానే. నోట్లో ఉప్పగా తగిలింది. "రాయి పక్కకి ఒరిగి ఉండొచ్చు. వెతకాల్సి వస్తుంది," అంది.

అప్పుడు తమ్ముడు తల ఎత్తాడు. వాడికి పటాలు రావు, చిత్తడి వచ్చు. పదిహేనేళ్ళుగా అక్కడ పడవ నడుపుతున్నాడు. నొప్పికి చెమటలు కారుతున్నా వాడి పెదాల మీదకి నవ్వులాంటిది వచ్చింది. "పొడా? బయటి దిబ్బలా? అమావాస్య పోటుకి అక్కడ—"

ఆమె లాగి కొట్టింది. చెంప ఛెళ్ళుమంది. వాడి కింది పెదవి చిట్లింది.

"నోర్ముయ్! పటం ముందు మాట్లాడే మొహమా నీది? పదో తరగతి మూడుసార్లు తప్పినవాడివి, పాతికేళ్ళు సర్వే చేసినాయనకి చెప్పొచ్చావా? నీ వాగుడు వల్లే వేళ్ళు పోయాయి, ఇంకా బుద్ధి రాలేదా?"

తమ్ముడు అక్క కళ్ళలోకి చూశాడు. అక్క చెయ్యి చేసుకోవడం వాడు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తల దించుకున్నాడు.

కొండ సర్వేయరు పకపకా నవ్వాడు. "శభాష్ మేడం! మా బక్కోడి కన్నా నీ చెయ్యే గట్టిది. పదండి."

*

తమ్ముడి పడవలోనే బయలుదేరారు. వాడు ఎడమచేత్తో మోటారు నడిపాడు. బక్కోడు వాడి పక్కటెముకలకి కత్తి ఆనించి కూర్చున్నాడు. పటాలక్క ముందు భాగంలో, ఒళ్ళో పటం. పాయలు మలుపులు మార్చుకున్నాయి కాబట్టి పాత దారి పోల్చి చెప్పడానికి ఆమె కావాలి. లేకపోతే వాచ్‌మన్ పక్కనే పడి ఉండేది.

ఆ చిత్తడిని ఆమె ఇరవై రెండేళ్ళు వేళ్ళతో తడిమింది. కాలు పెట్టింది లేదు. కాగితం మీద చక్కగా నీలంగా ఉన్నవన్నీ ఇక్కడ గోధుమరంగు బురద కోతలు. కుళ్ళిన గుడ్ల వాసన. కనుచూపు మేర ఉప్పుగడ్డి.

"హమ్మయ్య, తుమ్ములు ఆగాయి," అన్నాడు తుమ్ములోడు గాలి పీల్చుకుని. "ఆ దుమ్ములో ఎట్లా బతుకుతున్నావక్కా?"

"నీలాంటివాళ్ళు రాకపోతే బాగానే బతుకుతాను."

వాడు సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాడు. "నాకూ అక్క ఉందిలే," అని గొణిగాడు.

"ఉంటే ఏంట్రా, ఫోటో చూపిస్తావా?" అని కసిరాడు కొండ సర్వేయరు.

పదిన్నరకి చివరి పాయలో పడవ ఆగింది. అక్కడి నుంచి త్రికోణం ఉన్న దిబ్బకి నాలుగు వందల అడుగుల బురద నడక. నీళ్ళు అప్పుడే మలుపు తిరిగి, పాయలోకి మెల్లగా వస్తున్నాయి.

"మేడం, నేను, తుమ్ములోడు వెళ్తాం," అన్నాడు కొండ సర్వేయరు తమ్ముణ్ణి చూపిస్తూ. " పోటెక్కాక వీడు పడవ తీసుకొచ్చి దిబ్బకే ఆనిస్తాడు. ఈలోపు వేషాలు వేస్తే బక్కోడు గొంతు కోస్తాడు."

పటాలక్క దిగుతూ తమ్ముడి వైపు తిరిగింది. "విన్నావుగా? పన్నెండడుగుల పోటొచ్చినా దిబ్బ మునగదట. సర్వేయరు గారు లెక్కేశారు. నువ్వు మాత్రం పడవ వదలకు."

వాడు పాయలో నీళ్ళ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు. చిట్లిన పెదవి కదిలింది.

"అట్లాగే అక్కా. సార్ చదువుకున్నవారు. మనకేం తెలుసు."

*

రాయి దొరకడానికే గంట పట్టింది. ఒరిగిపోయి, గడ్డిలో తల మాత్రం మిగిలింది. తుమ్ములోడు గునపం పక్కన పడేసి, పడవలోంచి తెచ్చిన పారతో దాని మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు. తవ్విన కొద్దీ బురద జారి గుంట పూడుతోంది.

పటాలక్క మడమలతో నేలని నొక్కుతూ అటూ ఇటూ తిరిగింది. పాత షీటులో ఈ దిబ్బ పక్కన సన్నటి చుక్కల వరస ఉంది. గుల్లల కట్ట. అలలు పోగేసిన ఆల్చిప్పల గట్టు, గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. షీటులో అది రాయికి సముద్రం వైపు, దూరంగా. నలభై ఏళ్ళ తర్వాత గీసిన ఇంకో షీటులో రాయి గుర్తు లేదు గానీ, కట్ట ఈ చోటుకి దగ్గరగా జరిగింది. అలలు ఇలాంటి కట్టల్ని ఒడ్డు వైపే నెడతాయి. ఆ లెక్కన ఇప్పుడది రాయిని దాటి ఇవతల ఉండాలి. లెక్క కాగితం మీదిది. తప్పయితే ఆమె కూడా ఇక్కడే పోతుంది.

పదడుగులు వెనక్కి వేసింది. మడమ కింద కరకరమంది.

"ఏం మేడం, నాట్యం చేస్తున్నావా?"

"కాళ్ళు పీకుతున్నాయి. బురద అలవాటు లేదు."

"కూర్చో. తొందరేం లేదు. చాలా టైముంది మనకి."

పన్నెండు దాటింది. గడ్డి మొదళ్ళలో నీళ్ళు తళుక్కుమనడం ఆమెకి ముందు కనిపించింది. గుంటలో నడుముదాకా దిగిన తుమ్ములోడి పారకి అప్పుడే ఇనుము ఖంగుమని తగిలింది.

"అన్నా! దొరికిందన్నా!"

పెట్టె మూరెడు పొడవు, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. తుమ్ములోడు రొప్పుతూ దాన్ని గుంట అంచు మీదికి నెట్టాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ పైకి లాగమని చెయ్యి చాచాడు. కొండ సర్వేయరు పెట్టె పక్కకి జరిపి, గునపం రెండు చేతులా ఎత్తి వాడి నడినెత్తిన దించాడు.

పుర్రె చిట్లిన చప్పుడు వినగానే పటాలక్క గుల్లల కట్ట వైపు వెనక్కి నడిచింది. వాడు పడిపోతూ, దొరికిందల్లా పట్టుకున్నాడు. దొరికింది కొండ సర్వేయరు పిక్క. ఇద్దరూ గుంటలోకి జారారు. కింద తుమ్ములోడు, పైన సర్వేయరు. తవ్వి వదులైన బురద అతన్ని తొడల దాకా మింగింది. కింద ప్రాణం పోతున్నవాడి వేళ్ళు పిక్క వదల్లేదు.

అతను కాలు పీక్కోబోయాడు. రాలేదు. కిందికి గునపంతో రెండు పోట్లు పొడిచాడు. బురద ఎర్రగా చిమ్మింది. వేళ్ళు మాత్రం వదల్లేదు.

తల ఎత్తేసరికి పటాలక్క గుల్లల కట్ట మీద నిలబడి ఉంది.

గునపం విసిరాడు. అది ఆమె ఎడమ భుజాన్ని కొట్టి కట్ట అవతల పడింది. ఎముక విరిగిందని ఆమెకి ముందు చప్పుడు చెప్పింది, తర్వాత నొప్పి. మోకాళ్ళ మీద కూలబడింది.

"ఎక్కడికి పోతావే?" అతనికి ఆయాసం, కానీ భయం లేదు. "అటు నీ తమ్ముడు కత్తి కింద ఉన్నాడు. ఇటు నేను. రెండు నిమిషాల్లో బయటికొస్తా. నిన్ను గుంటలో వీడి పక్కనే పెడతా."

అప్పుడు గుంటలోకి సన్నటి పాయలా నీళ్ళు జారాయి. తర్వాత అన్ని వైపుల నుంచీ. గడ్డి వేళ్ళ మీదుగా, చప్పుడు లేకుండా, దిబ్బ మొత్తం ఒకేసారి తడిసింది.

కొండ సర్వేయరు నీళ్ళని చూశాడు. గడియారం చూశాడు. పన్నెండున్నర. మళ్ళీ నీళ్ళని చూశాడు. అతని పెదాలు లెక్క వేస్తున్నట్టు కదిలాయి.

"ఇది తప్పు," అన్నాడు. "ఇంకా ఆరడుగుల కింద ఉండాలి."

ఆమె కట్ట మీదకి ఎక్కుతున్న నీళ్ళనే చూస్తోంది.

"ఏ సున్నా?" అతని గొంతు మారింది. "ఏమే, నిన్నే. ఏ సున్నా?"

"పడవ దండు గీసిన షీటు," అంది ఆమె, భుజం పట్టుకుని లేస్తూ. "అడుగంటా దిగిన ఆటే సున్నా. కలపకూడదు."

అతను ఒళ్ళంతా విల్లులా వంచి పాయ వైపు కేక వేశాడు. "బక్కోడా! వాణ్ణి కోసెయ్! కోసెయ్‌రా వాణ్ణి!"

నాలుగు వందల అడుగుల దూరంలో, పడవలో ఒక ఆకారం లేచి నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. రెండో కేకకి అది గిర్రున తిరిగింది. ఆ తిరగడంలోనే పడవ ఒక పక్కకి ఒరిగింది. పడవని అలా ఒరిగించడం పడవవాడికే తెలుసు. రెండు ఆకారాలూ ఒకటైపోయాయి. ఏదో ఎండకి మెరిసింది. ఒకటి నీళ్ళలో పడింది. రెండోది తెడ్డు ఎత్తి నీళ్ళని కొట్టింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ కొట్టింది. అలా చాలాసార్లు.

తర్వాత పడవలో ఒక్కరే నిలబడి ఉన్నారు.

ఎవరో పటాలక్కకి తెలియలేదు. మోకాళ్ళ దాకా వచ్చిన నీళ్ళలో, విరిగిన భుజంతో నిలబడి, ఎండకి కళ్ళు చికిలించి చూసింది. మోటారు చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. పడవ పాయ దాటి, మునిగిన గడ్డి మీదుగా నేరుగా ఆమె వైపు వచ్చింది. నడుపుతున్నవాడు ఎడమచేత్తో నడుపుతున్నాడు.

అప్పుడు మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది.

తమ్ముడి చొక్కా పక్కన చీలిపోయి నెత్తురోడుతోంది. ఎడమచేత్తో అక్క నడుం పట్టి పడవలోకి లాగాడు. "లోతుగా దిగలేదక్కా, పక్కకి జారింది," అన్నాడు, ఆమె అడక్కుండానే. "ముందు నీ భుజం చూడు."

"తమ్ముడూ!" పదడుగుల దూరం నుంచి కేక. కొండ సర్వేయరుకి నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. ఒక చెయ్యి రాయి చుట్టూ, ఒక చెయ్యి పెట్టె మీద. "ఆ గెడ ఇటు అందించు! పెట్టె నీకే. మొత్తం నీకే!"

తమ్ముడు పడవ నెట్టే గెడ అందుకున్నాడు. ఆలోచించి కాదు. నీళ్ళలో మనిషి అరిస్తే గెడ అందించడం వాడికి పదిహేనేళ్ళ అలవాటు. దాని కొస అప్పుడే సర్వేయరు వైపు తిరుగుతోంది.

పటాలక్క కుడిచేత్తో గెడ పట్టుకుంది.

"అక్కా, మునిగిపోతున్నాడు."

"తెలుసు."

"చూస్తూ ఊరుకుంటే మనమే చంపినట్టు."

"అవును," అంది ఆమె. "లాగితే రేపో ఎల్లుండో నీ గొంతు కోస్తాడు. నేను నిన్ను వీడి కోసం పెంచలేదు. వదులు."

వాడు చాలాసేపు వదల్లేదు. తర్వాత వదిలాడు.

ఆమె గెడని నిలువుగా బురదలోకి దింపి, దాని మీద ఒళ్ళంతా ఆనించింది. పడవ ఉన్నచోటే నిలిచిపోయింది. సర్వేయరు పెట్టె వదిలేశాడు. రెండు చేతులూ రాయికి చుట్టాడు. ముందు తిట్టాడు. తర్వాత మేడం అన్నాడు. తర్వాత అమ్మా అన్నాడు. తమ్ముడు పడవ అడుగున కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాడు. ఆమె చెవులు మూసుకోలేదు, మొహం తిప్పుకోలేదు. గడ్డం మునిగింది. మొహం ఆకాశం వైపు ఎత్తాడు. ముక్కు ఒక్కటే మిగిలింది, కాసేపు. తర్వాత బుడగలు. ఒక చెయ్యి పైకి లేచి, రాయిని తడిమి, జారిపోయింది.

నీళ్ళు రాయి తల దాటే దాకా ఆమె కదల్లేదు.

అప్పుడు గెడ పైకి లాగబోయింది. అది బురదలో చాలా లోతుకి దిగిపోయింది. ఒంటి చేత్తో లాగింది, రాలేదు. మళ్ళీ లాగింది. తమ్ముడు కళ్ళు తుడుచుకుని లేచి వచ్చి తన ఎడమచెయ్యి కూడా వేశాడు.